శనివారాల్లో తీసిన సినిమా

మా అక్క కొడుకు ఒక రాత్రి షిఫ్టు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. "మామా, కార్ఖానా పని వదిలేస్తున్నా. సినిమా తీస్తా" అన్నాడు. కెమెరాకూ మిగతా ఖర్చులకూ రెండు లక్షలు కావాలట. ఆ రెండు లక్షలు ఎక్కడున్నాయో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. కూతురి పెళ్లి కోసం మా అక్క బీడీలు చుట్టి, చీటీలు కట్టి కూడబెట్టిన పైసలవి. "అమ్మకు నువ్వే చెప్పాలె" అని బరువు నా నెత్తిన పెట్టాడు.

తిట్టబోయాను. వాడు ఫోన్ నా చేతిలో పెట్టి, "ఒక్క గంట ఈ సినిమా చూడు మామా, తర్వాత ఎంతైనా తిట్టు" అన్నాడు. 'ఫాలోయింగ్' అని ఇంగ్లీషు సినిమా. లండన్‌లో తీసింది. తీసినాయన క్రిస్టఫర్ నోలన్. అప్పటికి ఆయన పేరు ఎవరికీ తెలియదు.

కథ ఇది. పనీపాటా లేని ఒక కుర్రాడు రచయిత కావాలనుకుంటాడు. కథలు దొరుకుతాయని రోడ్డు మీద ముక్కూ మొహం తెలియని మనుషుల వెంట నడుస్తుంటాడు. ఒకర్ని రెండోసారి వెంబడించకూడదని నియమం పెట్టుకుంటాడు, దాన్ని తనే తప్పుతాడు. వాడు వెంబడించిన ఒకాయన తిరిగి వచ్చి ఎదురుగా కూర్చుని, ఎందుకు నా వెంట పడ్డావని నిలదీస్తాడు. పేరు కాబ్. సూటు వేసుకున్న దొంగ. కుర్రాణ్ణి తనతో పాటు ఇళ్లలో దూరడానికి తీసుకుపోతాడు. అక్కణ్ణుంచి ఒక్కో మెట్టూ జారుడే. ఎవరు ఎవర్ని వెంబడిస్తున్నారో చివరిదాకా తెలియదు. ఆ చివర నేను చెప్పను.

కథ వరసగా నడవదు. ముందుదీ వెనకదీ కలిపి చూపిస్తారు. కుర్రాడి జుట్టు పెరిగి ఉందా, కత్తిరించి ఉందా, మొహం మీద దెబ్బలున్నాయా అని చూసుకుంటే ఏది ఎప్పుడు జరిగిందో తెలిసిపోతుంది. మొత్తం నలుపు తెలుపు. గంటా పది నిమిషాల్లో అయిపోతుంది. కొట్లాట ఉంది కాబట్టి చిన్నపిల్లలతో కూర్చుని చూసేది కాదు.

సినిమా బాగుంది, కాదనను. అయిపోగానే మా అల్లుడు, "చూసినవా మామా? మొత్తం ఖర్చు మూడు వేల పౌండ్లు" అన్నాడు. అప్పటి లెక్కన మన పైసల్లో రెండు లక్షల దగ్గర. అదే రెండు లక్షలు! వాడి ధీమా అదన్నమాట.

నేను ఒక్క మాట అడిగాను. "మరి ఆయన ఉన్న పని ఎప్పుడు వదిలేసిండురా?"

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నిజం చెప్పాడు. వదల్లేదు.

నోలన్ అప్పట్లో కంపెనీల కోసం వీడియోలు తీసే పని చేసేవాడు. నటించినవాళ్లూ వెనక పనిచేసినవాళ్లూ అందరూ స్నేహితులే, అందరికీ వారమంతా ఉద్యోగాలే. అందుకని శనివారం శనివారం కలిసేవారు. ఒక్కో శనివారం పదిహేను నిమిషాల రీలు మాత్రమే తిప్పేవారు. అలా ఏడాది పట్టింది. అన్నిటికన్నా ఖరీదు ఫిల్మే. అందుకే నాటకానికి చేసినట్టు ముందే బాగా రిహార్సల్ చేసుకుని, ఒకటి రెండు టేకుల్లో ముగించేవారు. పెద్ద లైట్లు కొనే స్తోమత లేదు కాబట్టి కిటికీ వెలుతురే ఆధారం. ఇళ్లు స్నేహితులవీ, చుట్టాలవీ. కెమెరా తిప్పింది నోలనే. ఆ ఖర్చు ఎవరి పెళ్లి పైసల్లోంచీ తీయలేదు. జీతాల్లోంచి కొంచెం కొంచెంగా పెట్టారు.

"ఆయనకు యూనివర్సిటీ ఉండె మామా" అన్నాడు అల్లుడు. అదీ నిజమే. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో చదివేటప్పుడు అక్కడి ఫిల్మ్ సొసైటీలో ఆయన సినిమాలు తీసేవాడు. నిర్మాతల్లో ఒకరైన ఎమ్మా థామస్ కూడా అక్కడే పరిచయం, తర్వాత ఆయన భార్య. సినిమాలో పోలీసుగా కనిపించేది సొంత బాబాయి జాన్ నోలన్. మన సాంచాల మధ్య అలాంటి సొసైటీ లేదు. కానీ వాళ్లను పీడించిన ఫిల్మ్ ఖర్చు ఇప్పుడు మనకు లేదు గదా. ఫోన్ అందరి జేబులో ఉంది.

సినిమా తయారయ్యాక దాన్ని హాళ్లకు అమ్మిపెట్టే పెద్ద కంపెనీ వాళ్ల వెనక లేదు. అందుకే ఫిల్మ్ ఫెస్టివల్ దారి పట్టారు. ఫెస్టివల్ అంటే మన జాతర లాంటిది కాదు. వచ్చిన సినిమాల్లోంచి కొన్నిటిని ఏరి కొద్ది రోజులు చూపిస్తారు. రాసేవాళ్లూ, కొనేవాళ్లూ అక్కడికే వస్తారు. 'ఫాలోయింగ్' 1998లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ఫెస్టివల్‌లో మొదట ఆడింది. 1999లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో టైగర్ అవార్డు వచ్చింది. ఆ ఏడే అమెరికా హాళ్లలో విడుదలైంది. డబ్బు పెద్దగా రాలేదు. పేరు వచ్చింది, ఆ పేరుతో తర్వాతి సినిమా 'మెమెంటో' వచ్చింది. మనమంతా చూసిన 'గజిని'కి స్ఫూర్తి అదే. 2024లో 'ఓపెన్‌హైమర్'కు ఆయనకు ఆస్కార్లు వచ్చాయి. మొదటి శనివారానికీ ఆ రోజుకూ మధ్య పాతికేళ్లకు పైనే.

ఆ రాత్రి మా అల్లుడు కోపంగానే వెళ్లిపోయాడు. పది రోజులు మా గడప తొక్కలేదు. తర్వాత ఒక సెలవు రోజు పొద్దున్నే వచ్చి, "మామా, నువ్వు వాచ్‌మెన్ వేషం వేయాలె" అన్నాడు. ఇప్పటికి ఆరు సెలవులు గడిచాయి, నాలుగు నిమిషాల సినిమా చేతికొచ్చింది. మిగతా రోజులు సాంచా దగ్గరే ఉన్నాడు. వాడి సినిమా ఏ ఫెస్టివల్‌కు పోతుందో, పోదో నేను చెప్పలేను. మా అక్క చీటీ పైసలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్లాడో, పిల్లో ఉంటే వెంటనే తిట్టకండి. వెంటనే పైసలూ తీసివ్వకండి. ఒక సెలవు రోజు ఇద్దరూ కూర్చుని ఈ సినిమా చూడండి. తర్వాత మాట్లాడుకోండి.