చేతిలో వీడియో.. గోడ మీద టీవీకి: తీగ లేకుండా, నెట్ ఖర్చు పెరగకుండా



ప్రకృతి వ్యవసాయం చేసే మనకి ఇప్పుడు సగం చదువు ఫోన్లోనే నడుస్తోంది. జీవామృతం ఎలా కలపాలి, విత్తనశుద్ధి ఎలా చేయాలి, ఏ పురుగుకి ఏ కషాయం కొట్టాలి.. అన్నీ వీడియోల్లోనే చూసుకుంటున్నాం. అయితే చిక్కల్లా ఆ చిన్న తెరతోనే. మిరప సంగతే తీసుకోండి. తామర పురుగు రసం పీల్చిందంటే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. నల్లి పట్టిందంటే కిందికి ముడుచుకుని ఆకు తిరగేసిన పడవలా అవుతుంది. ఈ రెండింటికీ తేడా తెలియకుండా కషాయం కొడితే ఒక రోజు కూలీ, ఒక డ్రమ్ము కషాయం, అంతకన్నా విలువైన వారం రోజుల అదును పోతాయి. 2021 నుంచి మన మిరప చేలను పీడిస్తున్న నల్ల తామర పురుగైతే పువ్వుల్లో దూరి ఉంటుంది. దాన్ని ఆరంగుళాల ఫోన్లో నలుగురం తలలు ఆనించి చూస్తే ఏం కనపడుతుంది చెప్పండి?

అదే వీడియో ఇంట్లో టీవీలో వేస్తే పువ్వులో పురుగు కదలడం కూడా కనిపిస్తుంది. మాది పల్నాడు వైపు. మా ఇంట్లో వారానికో రాత్రి చుట్టుపక్కల రైతులం పది పన్నెండు మందిమి కూర్చుని ఇలాగే చూస్తాం. అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. "ఒరే అబ్బాయ్, మా ఇంట్లోనూ టీవీ ఉంది, ఫోనూ ఉంది. మరి మాకెందుకు రావట్లేదు? నెట్ ఎంత అవుద్ది?" ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు. చేసి చూపించాల్సినవి వీడియోలో చూపించాను. ఎందుకలా చేయాలో ఇక్కడ చదవండి.

ముందుగా తెలుసుకోవాల్సింది: మూడు దారులు

ఫోన్ నుంచి టీవీకి బొమ్మ వెళ్లడానికి నెట్ ఉండి తీరాలని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వైఫై అంటే ఇంట్లో ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి గాల్లో వేసిన బాట. ఇంటర్నెట్ అంటే ఊరి బయట పెద్ద రోడ్డు. ఇంట్లో బాటకి ఊరి బయట రోడ్డుతో పని ఉండొచ్చు, లేకపోవచ్చు. వీడియో ఏ దారిన వస్తోందో తెలిస్తే ఖర్చూ తెలుస్తుంది, ఎక్కడ ఆగిపోయిందో కూడా తెలుస్తుంది. మన నీటి లెక్కతో చెప్తాను.

1. కాస్టింగ్: కాలువ నీరు

యూట్యూబ్‌లో వీడియో మీద కనపడే చిన్న టీవీ గుర్తు నొక్కితే జరిగేది ఇదే. ఇక్కడ వీడియో ఫోన్లోంచి వెళ్లదు. 'ఫలానా వీడియో వెయ్యి' అని ఫోన్ కబురు మాత్రమే పంపుతుంది, టీవీ నేరుగా నెట్‌లోంచి తెచ్చుకుంటుంది. కాలువ నీరు పొలానికి పారుతుంటే ఫోన్ తూము తీసే మనిషి లాంటిదన్నమాట. 2013లో గూగుల్ క్రోమ్‌కాస్ట్ తెచ్చాక ఈ పద్ధతి ఇళ్లలోకి బాగా వచ్చింది. వీడియో నడుస్తుండగా ఫోన్ మాట్లాడుకోవచ్చు, జేబులో పెట్టుకోవచ్చు. బ్యాటరీ పెద్దగా ఖర్చవదు.

కానీ కాలువలో నీళ్లుండాలి కదా! ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ ఉంటే సరే. లేక ఫోన్ హాట్‌స్పాట్ మీద టీవీ నడిపిస్తే మాత్రం లెక్క చూసుకోండి. సెకనుకు 5 మెగాబిట్లు లాగే వీడియోకి గంటకు 2.25 జీబీ అవుతుంది. రోజుకి 1.5 జీబీ ఇచ్చే ప్యాక్ 40 నిమిషాల్లో అయిపోతుంది. అదే సెకనుకు 1 మెగాబిట్ అయితే గంటకు 450 ఎంబీతో సరిపోతుంది. అందుకని టీవీలో వీడియో నడుస్తుండగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్వాలిటీ 480పీకి తగ్గించండి. ఫోన్లో తగ్గించినంత మాత్రాన టీవీలో తగ్గదు. ఆకు, పురుగు చూపించే చోట మాత్రం కాసేపు పెంచుకోండి.

2. మిర్రరింగ్: ఇంజన్ పెట్టి ఎత్తిపోయడం

ఇందులో ఫోన్ తెర మీద ఏముంటే అదే టీవీలో కనిపిస్తుంది. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా దీన్ని నడిపేది మిరాకాస్ట్ అనే పద్ధతి. వైఫై అలయన్స్ దీన్ని 2012లో తెచ్చింది. దీనికి రౌటర్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. ఫోనూ టీవీ నేరుగా చేతులు కలుపుతాయి. శాంసంగ్ ఫోన్లలో దీని పేరు స్మార్ట్ వ్యూ. మిగతా ఫోన్లలో కాస్ట్, స్క్రీన్‌కాస్ట్, వైర్‌లెస్ డిస్‌ప్లే లాంటి పేర్లుంటాయి. ముందు టీవీలో 'స్క్రీన్ మిర్రరింగ్' లేదా 'స్క్రీన్ షేర్' తెరిచి పెట్టాలి. ఆ తర్వాతే ఫోన్లో వెతకాలి. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో మిరాకాస్ట్ లేదు. ఐఫోన్‌కైతే టీవీలో ఎయిర్‌ప్లే ఉండాలి.

ఇంజన్ ఆగితే నీళ్లు ఆగినట్టే, ఫోన్ తెర ఆగితే టీవీలో బొమ్మ ఆగుతుంది. బ్యాటరీ కూడా త్వరగా తరుగుతుంది. కాబట్టి ఛార్జర్ పెట్టుకునే మొదలుపెట్టండి.

ఇక్కడ మనకి బాగా పనికొచ్చే మాట ఒకటుంది. టౌనుకి వెళ్లినప్పుడో, సిగ్నల్ బాగున్న చోటో యూట్యూబ్ యాప్‌లోనే వీడియో డౌన్‌లోడ్ చేసుకుని వచ్చారనుకోండి. దాన్ని 'కాస్ట్' చేస్తే టీవీ మళ్లీ నెట్‌లోంచే లాగుతుంది. మీరు దాచుకున్నది దాచుకున్నట్టే ఉంటుంది. అదే 'మిర్రరింగ్' చేస్తే ఫోన్లో ఉన్నదే టీవీలో ఆడుతుంది. నెట్ ఖర్చు ఉండదు.

3. ఇంట్లో ఫైలు: ఫారం పాండ్

మీ పొలంలో మీరు తీసుకున్న వీడియో, పక్క రైతు పంపిన వీడియో.. ఇవి ఫోన్లో ఫైళ్లుగా ఉంటాయి. వీటిని ఇంటి వైఫై మీదే టీవీకి పంపించవచ్చు. దీనికోసం 2003లో కంపెనీలన్నీ కలిసి డీఎల్‌ఎన్‌ఏ అనే ఒప్పందం చేసుకున్నాయి. ఆ సంఘం 2017లో మూతపడినా ఆ పద్ధతి చాలా టీవీల్లో ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లో బబుల్‌యూపీఎన్‌పీ లాంటి యాప్ పెట్టుకుంటే ఫైలుని ఎంచుకుని టీవీకి పంపొచ్చు. ఆండ్రాయిడ్ టీవీ అయితే అందులో వీఎల్‌సీ వేసుకుని 'లోకల్ నెట్‌వర్క్'లో వెతికితే ఇంట్లో కంప్యూటర్ పంచుకున్న వీడియోలు కనిపిస్తాయి. బ్రాడ్‌బ్యాండ్ రీచార్జ్ అయిపోయినా రౌటర్‌కి కరెంటు ఉంటే చాలు, ఇంట్లో బాట తెరిచే ఉంటుంది.

కొత్త ఫోన్లు కొన్ని వీడియోని హెచ్.265 పద్ధతిలో తీస్తాయి. పాత టీవీలు దాన్ని తెరవలేక శబ్దం మాత్రమే ఇస్తాయి, లేదా అసలు ఆడవు. కెమెరా సెట్టింగ్స్‌లో హెచ్.264కి మార్చుకుని తీస్తే దాదాపు అన్ని టీవీల్లోనూ ఆడుతుంది.

వినడానికి బ్లూటూత్

అన్నీ చూడక్కర్లేదు. కొన్ని వింటే చాలు. పాలు తీస్తూనో, మేత వేస్తూనో పశువుల కొట్టంలో చిన్న బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని అనుభవజ్ఞుల మాటలు వినొచ్చు. సెకనుకు 128 కిలోబిట్ల ఆడియోకి గంటకు 58 ఎంబీ మించదు. మామూలు స్పీకర్‌కి ఫోన్ 10 మీటర్ల లోపు ఉండాలి. మన ఒంట్లో నీరే ఎక్కువ కాబట్టి ఫోన్ జేబులో పెట్టుకుని స్పీకర్‌కి వీపు తిప్పినా సిగ్నల్ తగ్గి శబ్దం తెగుతుంది. వీడియో టీవీలో చూస్తూ శబ్దం పెద్దగా కావాలనుకుంటే స్పీకర్‌ని ఫోన్‌కి కాకుండా టీవీకి కలపండి. లేకపోతే బొమ్మ ఒక చోట, మాట ఒక చోట అవుతుంది.

వైఫై ఆగిఆగి వస్తుంటే ముందు ఇల్లు చూడండి. ఇనుప బీరువా వెనక రౌటర్ పెడితే సిగ్నల్ రాదు. రేకుల గోడా అంతే. రౌటర్‌లో రెండు పేర్లు కనపడితే, ఒకే గదిలో ఉన్నప్పుడు 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి, అది వేగం. గోడ దాటి వెళ్లాలంటే 2.4 గిగాహెర్ట్జ్ మేలు.

పదిమంది ముందు వేసేటప్పుడు

మిర్రరింగ్‌లో ఫోన్‌కి వచ్చే ప్రతి మెసేజీ టీవీలో పడుతుంది. బ్యాంకు బ్యాలెన్సు, ఓటీపీ, బంగారం తాకట్టు నోటీసు.. అన్నీ ఊరందరికీ కనిపిస్తాయి. మొదలుపెట్టే ముందు 'డు నాట్ డిస్టర్బ్' వేసి, నోటిఫికేషన్లు తెర మీదకి రాకుండా ఆపండి.

ఇంకో మాట. 2006లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో మొదలైన డిజిటల్ గ్రీన్ అనే సంస్థ చిన్న బ్యాటరీ ప్రొజెక్టర్లతో గ్రామాల్లో రైతులకి, మహిళా సంఘాలకి వ్యవసాయ వీడియోలు చూపించింది. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ పనిచేసింది. వాళ్ల పద్ధతిలో కీలకం ప్రొజెక్టర్ కాదు. ఊళ్లో మనిషే వీడియోని మధ్యమధ్యలో ఆపి, ప్రశ్నలు అడిగి, మాట్లాడించడం. టీవీతో మనం చేయాల్సిందీ అదే. "200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి" అని వచ్చినప్పుడు ఆపండి. గోమూత్రం ఎంతో ఎవరినైనా చెప్పమనండి. ముడతాకు వచ్చినప్పుడు బొమ్మ నిలిపి, "బాబాయ్, మీ చేలో ముడత ఇట్టా ఉందా, అట్టా ఉందా?" అని అడగండి. ఆయన లేచి టీవీ దగ్గరికొచ్చి వేలు పెట్టి చూపిస్తాడు. ఫోన్లో అది జరగదు.

వీడియో నచ్చిన రైతుకి దాన్ని ఇవ్వాలన్నా నెట్ ఖర్చు అక్కర్లేదు. ఫైలుగా ఉన్నదైతే ఆండ్రాయిడ్ ఫోన్లలో క్విక్ షేర్ ద్వారా పక్కపక్కన కూర్చునే పంపుకోవచ్చు.

ఈ రాత్రికి ఒక పని చేయండి. పొద్దున పొలంలో ఒక నిమిషం వీడియో తీసిపెట్టుకోండి.. ఒక ఆకు పైభాగం, అదే ఆకు అడుగుభాగం, ఒక పువ్వు లోపల. సాయంత్రం మొబైల్ డేటా ఆపేసి, వైఫై మాత్రం ఆన్‌లో ఉంచి, దాన్ని టీవీలో వేసి ఇంట్లోవాళ్లందరికీ చూపించండి. బొమ్మ వచ్చిందంటే మీ ఇంట్లో బాట పడినట్టే. ఆ ఆకు మీద మీ ఆవిడకో, మీ నాన్నకో మీకు కనపడనిది ఏదైనా కనపడిందేమో అడిగి, తెల్లారి ఏం కొట్టాలో అప్పుడు తేల్చుకోండి.