పదిహేడేళ్ల నాలుక

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ అంటే మన ఇళ్లలో మార్కుల లెక్క. ఆ ప్రాయంలో పట్టుబడ్డ భాష మనిషిని ఎంత దూరం నడిపిస్తుందో తెలియాలంటే కోల్‌కతాలోని మెటియాబ్రుజ్‌కు వెళ్లాలి.

ఖిదిర్‌పూర్ రేవు దాటి హుగ్లీ వెంట గార్డెన్ రీచ్ వైపు సాగితే కుట్టుమిషన్ల చప్పుడు ఎదురొస్తుంది. అదే మెటియాబ్రుజ్, రెడీమేడ్ దుస్తుల పేట. బట్టలు కుట్టించి హాట్‌కు, అంటే సంతకు, పంపే యజమానిని ఇక్కడ ఓస్తాగర్ అంటారు. ఒక సందులో బెంగాలీ, పక్క సందులో ఉర్దూ, బడిలో ఇంగ్లిష్, మసీదులో అరబీ. ఇక్కడి పిల్లల చెవిన పొద్దు గూకేలోగా నాలుగు భాషలు పడతాయి.

ఇది కొత్తగా వచ్చిన సందడి కాదు. 1856లో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలిపేసుకున్నాక నవాబు వాజిద్ అలీ షా కలకత్తా చేరి, 1887లో కన్నుమూసేదాకా చాలావరకు ఇక్కడే బతికాడు. సిబ్తైనాబాద్ ఇమాంబాడాలో ఆయన సమాధి ఉంది. ఆయన వెంట లక్నో వంటలు, పతంగులు, ఉర్దూ, ఫార్సీ తరలివచ్చాయి.

నవాబు కొలువు నుంచి హైదరాబాద్‌కు

ఆ కొలువులో పనిచేసే తండ్రి దగ్గరకు తొమ్మిదేళ్ల ప్రాయంలో లక్నో నుంచి ఒక పిల్లవాడు వచ్చాడు. పేరు అబ్దుల్ హలీం షరర్. మీసాలొచ్చేదాకా ఇక్కడే పెరిగి అరబీ, ఫార్సీ నేర్చాడు. తర్వాత ఉర్దూలో పేరుపొందిన నవలాకారుడయ్యాడు. నిజాం కొలువు ఆయన్ని హైదరాబాద్‌కు రప్పించింది. అక్కడి ప్రముఖుడి కొడుకుకు తోడుగా 1890ల్లో ఇంగ్లండ్ వెళ్లి ఫ్రెంచి కూడా నేర్చుకున్నాడు. లక్నో సంస్కృతి మీద ఆయన రాసిన పుస్తకంలోనే మెటియాబ్రుజ్ వైభవం ఈనాటికీ మనకు కనిపిస్తుంది.

తెలుగే పరాయి భాష అయిన కుర్రాడు

ఇదే కలకత్తాలో 1798లో సి.పి.బ్రౌన్ పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ ఫోర్ట్ విలియం కళాశాల పెద్దల్లో ఒకరు. 1817లో మద్రాసులో దిగేనాటికి కుర్రాడికి పద్దెనిమిదేళ్లు, తెలుగు అక్షరం ముక్క రాదు. అక్కడి కళాశాలలో పంతుళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. 1820లో కడపకు ఉద్యోగానికి వెళ్లి జనం నోటి నుంచి మరింత నేర్చుకున్నాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి, 1852లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు వచ్చింది. మన భాషకు అంత మేలు చేసిన మనిషికి అది ఇంటర్ వయసులో పట్టుబడ్డ పరాయి భాష!

స్కోరింగ్ సబ్జెక్టు

ఆ వయసు పిల్లలకు మనమేం చెబుతున్నాం? "సంస్కృతం తీసుకో, స్కోరింగ్" అంటాం. రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్ బోర్డుల జాబితాలోనూ తెలుగు, హిందీ, ఉర్దూలతో పాటు అరబీ, ఫ్రెంచి ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ హయ్యర్ సెకండరీలో ఫార్సీ కూడా ఉంది. 2020 జాతీయ విద్యా విధానం సెకండరీ స్థాయిలో కొరియన్, జపనీస్, జర్మన్, స్పానిష్, రష్యన్ వంటివి నేర్పవచ్చంది. జాబితాకు లోటు లేదు, లోటు మన కోరికలోనే ఉంది. ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌లో సెకండ్ లాంగ్వేజ్ మీద ఒక్క ప్రశ్నా ఉండదు కనుక ఆ పీరియడ్‌ను లెక్కల స్టడీ అవర్‌కు అప్పగించేస్తాం.

అదే పిల్లలు నాలుగైదేళ్ల తర్వాత ఫీజు కట్టి జర్మన్ తొలి మెట్టు ఏ1 నుంచి మొదలుపెడుతున్నారు. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి కావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పించి పంపుతోంది. గల్ఫ్‌కు వెళ్లే కరీంనగర్, కడప కూలీకి నాలుగు అరబీ మాటలు వస్తే, సంతకం పెట్టే కాగితంలో ఏముందో అడిగే ధైర్యమైనా వస్తుంది.

నోరు తెరిపించే పరీక్ష

భాష కాగితం మీద కుదురుకోదు, నోట్లో నానాలి. తెలంగాణ ఇంటర్ బోర్డు 2023–24లో ఇంగ్లిష్‌కు 20 మార్కుల ప్రాక్టికల్ తెచ్చింది. సెకండ్ లాంగ్వేజ్‌కూ అలాంటిదే రావాలి. ఫ్రెంచి తీసుకున్న పిల్ల ఫ్రెంచిలో తన ఊరి గురించి అయిదు నిమిషాలు మాట్లాడాలి. సంస్కృతమైనా, తెలుగైనా అంతే. అప్పుడు బట్టీ పట్టిన జవాబు పనికిరాదు.

గార్డెన్ రీచ్‌లోనే ఆగ్నేయ రైల్వే కేంద్ర కార్యాలయం ఉంది. 2003 దాకా వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది. ఆ రైలు దారి వెంట బెంగాల్ వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు పరీక్ష రాసి బెంగాలీ నేర్చుకోలేదు. బజారులో బేరమాడి, పక్కింటివాళ్లతో కష్టం సుఖం చెప్పుకుని నేర్చుకున్నారు.

ఈసారి దరఖాస్తులో సెకండ్ లాంగ్వేజ్ గడి దగ్గర పెన్ను ఆపి, పిల్లల్ని ఒక్క మాట అడగండి: "నువ్వు ఎవరితో మాట్లాడాలనుకుంటున్నావు?" వాళ్ల జవాబుకు సరిపోయే భాషనే ఆ గడిలో రాయండి.