కానరాని డిస్కు

ల్యాప్‌టాప్‌లో విండోస్‌ను మరల ఇన్‌స్టాల్ చేయబూని, పెన్‌డ్రైవు పెట్టి, భాషను ఎన్నుకొని, షరతులకు సమ్మతించి, తీరా డిస్కును ఎంచుకొనవలసిన తెరకు వచ్చుసరికి అచ్చట ఒక్క డిస్కైనను కానరాకున్నచో, అది చెడిపోయినదని తలచి క్రొత్తది కొనుటకు పరుగిడుట తొందరపాటు. ఇంటెల్ 11వ తరము ప్రాసెసర్లు మొదలుకొని పెక్కు యంత్రములలో ఎస్‌ఎస్‌డి, వీఎండీ యను నియంత్రకము చాటున నుండును; దాని డ్రైవరు ఇన్‌స్టాలర్‌లో లేనప్పుడు, డిస్కు నిక్షేపముగా నున్నను గోచరింపదు. తయారీదారు వెబ్‌సైటు నుండి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవరును వేఱొక కంప్యూటరులో దింపుకొని, దానిని విప్పి, ఐఎన్‌ఎఫ్ ఫైలున్న ఫోల్డరును అదే పెన్‌డ్రైవులో నుంచి, ‘లోడ్ డ్రైవర్’ నొక్కి చూపినచో డిస్కు ప్రత్యక్షమగును. బయాస్‌లో వీఎండీని ఆపివేయుటయు నొక మార్గమే కాని, అట్లు చేసిన పిమ్మట పాత విండోస్ తెరుచుకొనకపోవచ్చును గనుక నాకు మొదటిదే మేలని తోచుచున్నది. డిస్కు కనబడిన సంబరములో మాత్రము పార్టిషన్లను చెరిపివేయరాదు. అందలి ఫోటోలు తిరిగిరాకపోవచ్చును.