గృహ మరమ్మత్తు వ్యర్థాలు

ఇంటిని మరమ్మత్తు చేయునపుడు, లేదా పాత గోడలను, కప్పును తొలగించి కొత్తవి కట్టునపుడు మిగిలిపోయే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, మట్టి, పెంకులు, రేకులు, ఇనుము, కలప మొదలైన వాటిని గృహ మరమ్మత్తు వ్యర్థాలు అంటారు. భారతదేశ నియమాలలో ఇవి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల క్రిందకు వస్తాయి. వంటింటి చెత్త వలె ఇవి కుళ్ళిపోవు. అయితే రకముల వారీగా వేరుచేసి ఉంచినచో చాలావరకు తిరిగి ఉపయోగపడతాయి. రామగుండం, గోదావరిఖని వంటి బొగ్గుగనుల పట్టణాలలో ఈ వ్యర్థాలను ఎక్కడ వేయాలనే విషయానికి ప్రత్యేక ప్రాముఖ్యత ఉన్నది.

నేపథ్యం

గోదావరిఖని, పెద్దపల్లి జిల్లాలోని రామగుండం నగరపాలక సంస్థలో ఒక భాగం. 2016 అక్టోబరు 11న ఈ జిల్లా ఏర్పడక ముందు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇక్కడి గనులు సింగరేణి కాలరీస్ కంపెనీకి చెందినవి. ఈ సంస్థలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నది. కంపెనీ క్వార్టర్లతో పాటు ఈ పట్టణాలలో సొంత ఇళ్ళు కూడా అనేకం కలవు. పెంకుటిల్లు గాని, రేకుల ఇల్లు గాని స్లాబు ఇల్లుగా మారునపుడు పాత ఇంటి సామాగ్రి అంతా ఒకేసారి బయటికి వస్తుంది.

పరిమాణం

10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, 9 అంగుళాల మందం గల ఇటుక గోడ సుమారు 2 ఘనపు మీటర్లు ఉంటుంది. దాని బరువు దాదాపు 4 టన్నులు. కూల్చిన తరువాత ముక్కల మధ్య ఖాళీల వలన అది ఇంకా ఎక్కువ స్థలాన్ని ఆక్రమిస్తుంది. కాబట్టి ఒక్క గది మార్పుకే ఒకటి కంటే ఎక్కువ ట్రాక్టరు లోడులు కావడం సాధారణం. ఈ కుప్పను రోడ్డు ప్రక్కన వదిలివేసినచో వర్షాకాలంలో మట్టి, ఇసుక కొట్టుకొనిపోయి మురుగు కాలువలు పూడుకుపోతాయి.

వేరుచేయుట

కూల్చిన తరువాత కంటే, కూల్చుచుండగానే వేరుచేయడం సులభం. ముఖ్యమైన రకాలు:

* తలుపులు, కిటికీలు, టేకు దూలాలు, బెంగుళూరు పెంకులు: పగలకుండా తీసినచో వేరే ఇంటికి పనికివస్తాయి.
* ఇనుప చువ్వలు, రాగి తీగ, అల్యూమినియం: పాత ఇనుప సామాను వ్యాపారులు తూకానికి కొంటారు.
* ఇటుక, రాయి, కాంక్రీటు: పునాది గోడల మధ్య, గచ్చు క్రింద నింపుటకు ఉపయోగిస్తారు. మరలో పగులగొట్టి కంకరగా కూడా మారుస్తారు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 383 (2016) ప్రకారం ఇటువంటి కాంక్రీటు కంకరను ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం వరకు, ఎం-25 లేదా అంతకు తక్కువ శ్రేణి ఇనుప కాంక్రీటులో 20 శాతం వరకు వాడవచ్చును.
* ప్లాస్టర్ ఆఫ్ పారిస్: దీనిని కాంక్రీటు ముక్కలతో కలుపరాదు. దీనిలోని సల్ఫేటు కొత్త కాంక్రీటును దెబ్బతీస్తుంది.

ప్రమాదకర పదార్థాలు

పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించింది. రేకు పగిలినపుడు, కోసినపుడు వెలువడే దుమ్ము ఊపిరితిత్తులలో చేరుతుంది. వ్యాధి బయటపడుటకు దశాబ్దాలు పట్టవచ్చును. కాబట్టి రేకులను నీటితో తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించవలెను. వాటిని మందపాటి పాలిథీన్‌లో చుట్టి, పురపాలక సిబ్బందికి తెలియజేసి, ప్రమాదకర వ్యర్థాలుగా అప్పగించాలి. ముక్కలు చేసి పునాదిలో నింపరాదు.

రంగులలో సీసం పరిమాణం పది లక్షల భాగాలలో 90 భాగాలకు మించరాదన్న నియమం 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకు పూర్వం వేసిన రంగులలో సీసం ఎక్కువగా ఉండే అవకాశమున్నది. వాటిని పొడిగా గీకరాదు. ఆ దుమ్ము ముఖ్యంగా చిన్నపిల్లలకు హానికరం. ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది కావున వాటిని కూడా పగులగొట్టరాదు.

గనుల గోతులు

బొగ్గు ప్రాంతాలలో పెద్ద గోతులు కనబడతాయి కనుక శిథిలాలను వాటిలో వేయవచ్చునని అనిపించవచ్చును. కాని భూగర్భ గనులలో బొగ్గు తీసిన ఖాళీని ఇసుకతో నింపే పద్ధతి వేరు. నీటితో కలిపిన ఇసుకను గొట్టాల ద్వారా లోపలికి పంపుతారు. నీరు వడకట్టి పోగా ఇసుక గట్టిగా కూర్చుంటుంది. పెళ్ళలు, బంకమట్టి కలిసిన శిథిలాలు గొట్టాలలో అడ్డుపడతాయి, నీటిని సరిగా వదలవు.

ఉపరితల గోతులలో మరొక ప్రమాదం ఉన్నది. గాలి సోకిన బొగ్గు తనంతట తానే వేడెక్కే గుణం కలది. అటువంటి చోట కలప, ప్లాస్టిక్కు పోసి నిప్పు పెట్టినచో మంట బొగ్గు పొరకు అంటుకోవచ్చును. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో గల సెంట్రాలియా పట్టణం దీనికి ఉదాహరణ. అక్కడ పాత ఉపరితల గని గోతిలోని చెత్తకు 1962లో పెట్టిన నిప్పే భూగర్భ బొగ్గుకు అంటుకున్నదని ఎక్కువమంది భావిస్తారు. ఆ మంట ఆరలేదు. వెయ్యి మందికి పైగా ఉన్న పట్టణం దాదాపు ఖాళీ అయినది.

నియమాలు, పునర్వినియోగ కేంద్రాలు

కేంద్ర ప్రభుత్వం 2016 మార్చిలో ఈ వ్యర్థాలకు ప్రత్యేక నియమాలను ప్రకటించింది. వ్యర్థాలను వేరుచేయుట, రాకపోకలకు, కాలువలకు అడ్డు లేకుండా ఉంచుట వాటి ఉత్పత్తిదారుని బాధ్యత అని అవి తెలిపాయి. రోజుకు 20 టన్నులు లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటిన వారికి అదనపు బాధ్యతలు విధించాయి. వీటి స్థానంలో, 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా, 2025లో కొత్త నియమాలు ప్రకటించబడ్డాయి. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలపై ఇవి పునర్వినియోగ బాధ్యతను ఉంచాయి. సాధారణ గృహ మరమ్మత్తులు ఈ పరిమితికి చాలా దిగువన ఉంటాయి.

దేశంలో మొదటి పునర్వినియోగ కేంద్రం 2009లో ఢిల్లీలోని బురారీలో ప్రారంభమైనది. హైదరాబాదులోని జీడిమెట్లలో 2020లో ఒక కేంద్రం ప్రారంభించబడినది. గోదావరిఖని నుండి హైదరాబాదు 200 కిలోమీటర్లకు పైగా దూరం. ఒక ఇంటి శిథిలాలను అంత దూరం తరలించుట ఖర్చుతో కూడిన పని. అందువలన ఇక్కడ ఇంటి వద్దనే వేరుచేసి, సమీపంలోని నిర్మాణాలలో వాడుకొనుటయే ఆచరణీయమైన మార్గం. మిగిలిన దానిని నగరపాలక సంస్థ సూచించిన స్థలానికి మాత్రమే పంపవలెను.