మాత్రలతో కొలవలేని ఇంగ్లీషు అచ్చులు

మెడ, మేడ. పడు, పాడు. ఈ జంటల్ని విడదీసేది అచ్చును పలికే కాలం. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు అని ఛందస్సు చెప్పే లెక్కను, పద్యం జోలికి వెళ్లనివారి చెవి కూడా పట్టుకుంటుంది. ఆ చెవితోనే ఇంగ్లీషూ వింటాం. అందుకే ఓడ షిప్ అనీ గొర్రె షీప్ అనీ రాసుకుని, రెండోదాన్ని సాగదీస్తే చాలనుకుంటాం. చాలదు.

షిప్‌లోని అచ్చును మార్చకుండా ఎంతసేపు సాగదీసినా, ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవారికి సాధారణంగా అది ఓడే. ఆ రెండు అచ్చులకూ నోట్లో చోట్లే వేరు. షీప్ అనేటప్పుడు నాలుక ముందుభాగం బాగా లేచి అంగిలికి దగ్గరవుతుంది, పెదవులు పక్కలకు విచ్చుకుంటాయి. షిప్ అన్నప్పుడు నాలుక కాస్త కిందికీ వెనక్కీ జారి, బిగువు సడలుతుంది. 1952లో పీటర్సన్, బార్నీ అనే శాస్త్రవేత్తలు అమెరికాలో 76 మంది చేత హీడ్, హిడ్ వంటి మాటలు పలికించి కొలిచారు. నాలుక దిగేకొద్దీ పెరిగే మొదటి ఫార్మెంట్, అంటే నోటి కుహరంలో పుట్టే మొదటి అనునాదం, పురుషుల్లో సగటున హీడ్‌కు 270 హెర్ట్జ్, హిడ్‌కు 390 హెర్ట్జ్. ఈ తేడాను పట్టుకోవడానికి గడియారం పనికిరాదు. ఫుల్, ఫూల్ జంటలోనూ నాలుక, పెదవుల అమరికే ముఖ్యం.

మరి ఇంగ్లీషులో కాలానికి పనే లేదా? ఉంది, మనం వెతకని చోట ఉంది. మన వ్యాకరణం మాటల్లో చెప్పాలంటే, అచ్చు తర్వాత క, ట, ప లాంటి పరుషం వస్తే ఆ అచ్చు కుదించుకుపోతుంది. గ, డ, బ లాంటి సరళం వస్తే సాగుతుంది. పీటర్సన్, ఇల్సే లెహిస్టే 1960లో ప్రచురించిన కొలతల్లో ఈ నిష్పత్తి సుమారు 2:3. లెహిస్టే పుట్టింది ఎస్టోనియాలో. హ్రస్వ దీర్ఘాలతో ఆగక మూడో స్థాయిని కూడా పాటించే భాష ఆమెది. అలాంటి చెవి ఈ కొలతల వైపు మళ్లిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

దీని ఫలితం చూడండి. బీట్‌లోని ‘దీర్ఘం’ బిడ్‌లోని ‘హ్రస్వం’ కన్నా తక్కువసేపు మోగవచ్చు! బ్యాక్, బ్యాగ్ అనే మాటల్లో చివరి హల్లును ఇంగ్లీషువారు తరచు సగంలోనే వదిలేస్తారు. వినేవారు ఆ హల్లేమిటో అచ్చు నిడివిని బట్టి పోల్చుకుంటారు. మనం బ్యాగు అని ఉకారం చేర్చి హల్లును పూర్తిగా పలుకుతాం కాబట్టి, ఆ ఆనవాలుతో మనకు అవసరం పడలేదు. ఇంగ్లీషు పాఠాల్లో దీన్ని ఇంతగా పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

బడిలో ‘లాంగ్ ఏ’, ‘లాంగ్ ఐ’ అని నేర్పేది ఇంకో సంగతి. నేమ్, టైమ్ మాటలు పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ కాలంలో దాదాపు నామె, టీమె. అప్పట్లో అవి అసలైన దీర్ఘాలే. తర్వాతి శతాబ్దాల్లో ఆ దీర్ఘాలన్నీ చోటు మారాయి. కాక్‌స్టన్ 1476లో ఇంగ్లండ్‌కు అచ్చుయంత్రం తెచ్చాక స్థిరపడుతూ వచ్చిన వర్ణక్రమం మాత్రం చాలావరకు పాత ఉచ్చారణ దగ్గరే ఉండిపోయింది.

నిఘంటువులు కూడా దారికి రావడానికి సమయం పట్టింది. డేనియల్ జోన్స్ 1917 ఉచ్చారణ నిఘంటువులో షిప్, షీప్ రెండింటికీ ఒకే అక్షరం. దీర్ఘానికి పక్కన రెండు చుక్కలు, అంతే. 1977 కూర్పులో దాని సంపాదకుడు గిమ్సన్ చుక్కల్ని ఉంచుతూనే అక్షరాలనూ వేరు చేశాడు. ఇవాళ నిఘంటువు తెరిస్తే ముందు ఆ అక్షరం ఆకారాన్ని చూడండి, చుక్కల్ని తర్వాత.