మిద్దె తోటకు స్మార్ట్ వాల్వు: వ్యవస్థ గుర్తించని పరికరాన్ని కలుపుకునే విధానం

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వంటి కిక్కిరిసిన హైదరాబాదు వాడల్లో పెరటికి చోటు మిగలనందువల్ల కూరగాయల సాగు మిద్దె మీదికి చేరింది; రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారాయణగూడలోని తన ఇంటి మిద్దెపై పెంచిన తోట, మిద్దె తోటలపై ఆయన రాసిన పుస్తకం ఈ సాగును ఎందరో తెలుగువారికి పరిచయం చేశాయి. టబ్బులోని కొద్దిపాటి మట్టికి నేల అడుగునుంచి తేమ అందదు కాబట్టి వేసవిలో ఒక్కపూట నీరు తప్పినా మొక్క వాడిపోతుంది. అందువల్ల డ్రిప్ పైపు మొదట్లో, రేడియో ఆదేశంతో పనిచేసే స్మార్ట్ వాల్వును బిగించి, దానిని హోమ్ అసిస్టెంట్ వంటి ఇంటి ఆటోమేషన్ వ్యవస్థకు కలిపే పద్ధతి ఉపయోగకరమైనది. కొన్న వాల్వును ఆ వ్యవస్థ గుర్తించనప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

వాల్వును ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసినది నీటి ఒత్తిడి. మీటరు ఎత్తున్న నీటి మట్టం సుమారు 0.1 బార్ ఒత్తిడినిస్తుంది కాబట్టి, తోట ఉన్న మిద్దె మీదనే 2 మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి 0.2 బార్ మాత్రమే లభిస్తుంది. రబ్బరు పొరను నీటి ఒత్తిడితోనే కదిలించే సోలనాయిడ్ వాల్వులు చాలావరకు ఇంత తక్కువ ఒత్తిడి వద్ద సరిగా తెరుచుకోవు, పూర్తిగా మూసుకోవు. చిన్న మోటారు బంతిని తిప్పి దారి తెరిచే బాల్ వాల్వుకు ఆ ఇబ్బంది లేదు.

బ్యాటరీ వాల్వుల్లో చాలావాటికి జిగ్బీ ఆధారం. ఇది తక్కువ విద్యుత్తుతో, 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో, సెకనుకు 250 కిలోబిట్ల వేగంతో నడిచే రేడియో పద్ధతి. శిక్షణ కేంద్రాలు, హాస్టళ్లు నిండిన అశోక్‌నగర్‌లో అదే పౌనఃపున్యాన్ని వై-ఫై రూటర్లు కూడా వాడుకుంటాయి గనుక, 11 నుంచి 26 వరకు ఉన్న జిగ్బీ ఛానళ్లలో 25 వంటి చివరి ఛానలును ఎంచుకుంటే ఆ రద్దీని చాలావరకు తప్పించుకోవచ్చు. కాంక్రీటు శ్లాబు, నిండిన నీటి ట్యాంకు సంకేతాన్ని అడ్డుకుంటాయి. మెట్ల గదిలో కరెంటుతో నడిచే జిగ్బీ ప్లగ్గును ఉంచితే అది సంకేతాన్ని అందుకుని ముందుకు పంపుతుంది.

వాల్వు జిగ్బీలో చేరినంత మాత్రాన వ్యవస్థకు దాని సందేశాలు అర్థమవుతాయని కాదు. ఆన్, ఆఫ్ వంటి పనులకు జిగ్బీ ప్రమాణం ‘క్లస్టర్లు’ అనే ఉమ్మడి ఆదేశ సముదాయాలను ఏర్పరచినా, తుయా వేదికపై తయారైన అనేక పరికరాలు వాటిని పక్కనపెట్టి సొంత క్లస్టరును వాడతాయి. అందులో ప్రతి విషయానికి ‘డేటా పాయింట్’ అనే సంఖ్య ఉంటుంది. ఒక సంఖ్య వాల్వు స్థితిని, మరొకటి బ్యాటరీని, ఇంకొకటి నీటి వ్యవధిని తెలియజేయవచ్చు. టీఎస్0601 అనే ఒకే మోడల్ పేరుతో థర్మోస్టాట్లు, కర్టెన్ మోటార్లు, వాల్వులు వస్తాయి గనుక, తయారీదారు సంకేతాన్ని కూడా చూడకుండా పరికరం ఏదో తేల్చలేము.

ఈ సంఖ్యల అర్థాన్ని పరిశీలనతో రాబట్టవచ్చు. జిగ్బీ2ఎంక్యూటీటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో వివరమైన లాగ్‌ను తెరిచి, వాల్వు మీది మీటను నొక్కి, ఏ డేటా పాయింట్ మారిందో రాసుకోవాలి. తర్వాత అదే సాఫ్ట్‌వేరు నుంచి వ్యవధి డేటా పాయింట్‌కు ఒకసారి 5, మరోసారి 10 అనే విలువలను పంపి, వాల్వు ఎంతసేపు తెరిచి ఉందో చూసి, విలువ సెకన్లలో ఉందో నిమిషాల్లో ఉందో పోల్చుకోవాలి. అలా తేలిన పట్టికను ‘బాహ్య కన్వర్టర్’ అనే చిన్న జావాస్క్రిప్ట్ ఫైలుగా రాస్తే, సందేశాలు ఎంక్యూటీటీ ద్వారా హోమ్ అసిస్టెంట్‌కు చేరతాయి. 1999లో చమురు పైపులైన్ల పర్యవేక్షణ కోసం రూపొందిన ఎంక్యూటీటీ అనే ఈ తేలికైన సందేశ విధానం నీటి పైపుకూ చక్కగా సరిపోతుంది. ఆ ఫైలును ప్రాజెక్టుకు అందజేస్తే అదే వాల్వు కొన్న మరొకరికి ఈ శ్రమ తప్పుతుంది.

అయితే నీటి వాల్వు విషయంలో తెరవడం కన్నా మూయడమే పెద్ద బాధ్యత. వాల్వు తెరిచాక కరెంటు పోయి, ఇంటి కంప్యూటరు ఆగిపోతే, మూయమనే ఆదేశం వెలువడదు. తెరిచిన స్థితిలో నిలిచి ఉండటానికి బాల్ వాల్వుకు విద్యుత్తు అక్కరలేదు కాబట్టి అది అలాగే ఉండిపోయి ట్యాంకు ఖాళీ అవుతుంది. రోజు విడిచి రోజు నల్లా నీరు వచ్చే నగరంలో అపార్టుమెంటు వారందరికీ అది కష్టమే. అందుచేత తెరిచే ఆదేశంతో పాటే వ్యవధిని వాల్వులోని సొంత టైమరుకు పంపాలి. ఆ తర్వాత కంప్యూటరును కావాలనే ఆపివేసి, వాల్వు గడువుకు తనంతట తానే మూసుకుందో లేదో బకెట్టు పెట్టి పరీక్షించాలి. ఈ పరీక్షలో నెగ్గిన తర్వాతే దానికి డ్రిప్ పైపులను కలపడం సమంజసం.