కంటికి కాపలా కాసే కణాలు
నలుసు పడితే పసరు పోయవద్దు; ఒక్క రోజు ఆలస్యమైనా ముప్పే

కోతలు, నూర్పిళ్ల రోజుల్లో కంట్లో ధాన్యపు పొట్టు పడడం, వరి ఆకో చెరకు ఆకో గీసుకోవడం రైతు ఇంట మామూలే. నీళ్లతో కడుక్కుని మళ్లీ పనిలోకి దిగేవారే ఎక్కువ. చాలామందికి అది మానిపోతుంది. కొందరికి మాత్రం పుండు పడి, చివరకు పువ్వు వేసి చూపు పోతుంది. ఈ తేడా ఎక్కడున్నదో తెలుసుకోవాలంటే నల్లగుడ్డు మీది పలుచని పొర సంగతి చూడాలి.

వాచీకి అద్దం ఎలాగో నల్లగుడ్డుకు ఈ పొర అలాగ. కార్నియా అంటారు. మందం సుమారు అర మిల్లీమీటరు. ఇందులో రక్తనాళాలు లేవు. ఉంటే వెలుతురు సాఫీగా లోపలికి పోదు. నెత్తురు ద్వారా అందే సాయం ఇక్కడికి త్వరగా రాదు కనుక కాపలా ఇక్కడే ఉండాలి.

మొదటి కాపలా కన్నీరు. అందులో క్రిములను చంపే లైసోజైమ్ ఉంది. పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగే 1922లో దీనినీ లోకానికి తెలిపారు. రెండవది పైపొర. ఇది వారం పది రోజుల్లో పాతది రాలి కొత్తది వస్తుంది. మూడవది గస్తీ కణాలు.

కోయకుండానే చూడవచ్చు

ఈ గస్తీ కణాలను బతికున్న మనిషి కంట్లోనే చూపే యంత్రం కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు. మూల సూత్రానికి అమెరికాలో మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఒక లోతు నుంచి వచ్చే వెలుతురును మాత్రమే సన్నని రంధ్రం గుండా రానిచ్చి, మిగతాది ఆపేస్తుంది. ఉల్లిపాయ పొరల్లాగా ఒక్కొక్క పొర విడివిడిగా కనిపిస్తుంది. కంట్లో మత్తు చుక్క వేసి యంత్రం కొన ఆనిస్తారు. కోత లేదు.

గస్తీ కణాల్లో కొన్నింటికి వేళ్లలాంటి కొమ్మలుంటాయి. క్రిమి చొరబడితే పట్టుకుని, చెవి ముందు, దవడ కింద ఉండే బిళ్లలకు కబురు చేరుస్తాయి. కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ల కట్టేది ఇలాంటి కబురు వల్లనే. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే యంత్రంతో వెంటవెంటనే బొమ్మలు తీసి, ఆరోగ్యంగా ఉన్న కంట్లో కూడా టీ కణాలనే రక్షక కణాలు అటూ ఇటూ తిరుగుతుంటాయని 2023లో ప్రకటించారు.

బూజుతోనే చిక్కు

పొట్టు, ఆకు ఒంటరిగా రావు. బూజును వెంట తెస్తాయి. పైపొర చిరిగిన చోట బూజు వేళ్లూనుతుంది. దాని పోగులు కూడా ఈ యంత్రంలో కనిపిస్తాయి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు దీనిపై 2011లో ఫలితాలు ప్రచురించారు. యంత్రం లేనిచోట పుండు గీకి మామూలు మైక్రోస్కోపు కింద చూసినా బూజును చాలావరకు పోల్చవచ్చు.

పసరు, చనుబాలు, ఆముదం పోస్తే కొత్త క్రిములను చేతులారా లోపలికి పంపినట్లే. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు మరీ ప్రమాదం. గస్తీ కణాలను అవి అణచివేస్తాయి. రెండు రోజులు ఎరుపు తగ్గి నయమైనట్లే ఉంటుంది. లోపల బూజు పాకిపోతుంది.

నేపాల్ చెప్పిన పాఠం

నేపాల్‌లోని భక్తపూర్‌లో కన్ను గీరుకున్న 442 మందికి క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంటు రోజుకు మూడుసార్లు, మూడు రోజులు పెట్టారు. ఫలితాలు 2001లో వెలువడ్డాయి. దెబ్బ తగిలిన 18 గంటల లోపు వచ్చిన 284 మందిలో ఒక్కరికీ పుండు పడలేదు. 18 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 109 మందిలో నలుగురికి పడింది. ఒక రోజు దాటాక వచ్చిన 49 మందిలో 14 మందికి పడింది.

కనుక నలుసు పడితే మంచినీళ్లతో కడగాలి. నలపకూడదు. నాలుకతో, గుడ్డ కొసతో తీయించుకోకూడదు. గీరుకున్నట్లుంటే అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. నల్లగుడ్డుపై తెల్లమచ్చ కనిపిస్తే కంటి ఆసుపత్రికి పోవడమే. తూర్పారబట్టేటప్పుడు సాదా కళ్లద్దాలు పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.